డ్రమ్స్ లేని పాట స్టేడియాన్ని ఎలా ఊపేస్తోంది? క్వీన్ బ్యాండ్ మ్యాజిక్

ముందు ఒక చిన్న పని చేయండి. కాలితో నేలను రెండుసార్లు తట్టండి, వెంటనే ఒకసారి చప్పట్లు కొట్టండి. దం దం చప్. కాస్త ఆగి మళ్లీ... దం దం చప్. గుర్తొచ్చిందా? క్రికెట్ మ్యాచ్‌లోనో, కాలేజీ ఫెస్ట్‌లోనో ఎక్కడో వినే ఉంటారు. బ్యాండ్ పేరు తెలియకపోయినా దరువు మాత్రం తెలుసు. అదే 'వి విల్ రాక్ యూ'. 1977లో వచ్చింది. మరి ఇన్నేళ్లయినా ఎందుకు పాతబడలేదు? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

క్వీన్ 1970లో లండన్‌లో మొదలైంది. సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటారిస్ట్ బ్రయన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్, బేస్ గిటార్ జాన్ డీకన్. ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. పార్సీ కుటుంబం, పుట్టింది జాంజిబార్‌లో, స్కూల్ చదువు మన మహారాష్ట్రలోని పంచగనిలో. ఈ నలుగురూ పాటలు రాసేవాళ్లే. నలుగురి నుంచీ హిట్లు వచ్చాయి. అందుకే వీళ్ల పాటలన్నీ ఒకేలా ఉండవు.

ఇప్పుడు అసలు విషయం. 1977లో ఇంగ్లాండ్‌లోని స్టాఫర్డ్‌లో వీళ్ల షో అయిపోయింది. కానీ జనం ఇళ్లకు వెళ్లకుండా, వాళ్లంతట వాళ్లే పాడటం మొదలుపెట్టారు. అది చూసిన బ్రయన్ మేకి ఒక ఆలోచన వచ్చింది. అంత ఇరుకులో నిలబడ్డ జనం ఏం చేయగలరు? కాళ్లు తట్టగలరు, చప్పట్లు కొట్టగలరు, గొంతు కలపగలరు. అంతే కదా! ఆ మూడింటితోనే పాట కట్టేశాడు.

ఆ పాటలో డ్రమ్స్ లేవు. కొద్దిమంది చెక్కల మీద కాళ్లతో కొట్టిన శబ్దాన్నే పదే పదే రికార్డ్ చేశారు. మే ఫిజిక్స్ చదివినవాడు, తర్వాత 2007లో ఖగోళ భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ కూడా పూర్తి చేశాడు. ఆ చదువు ఇక్కడ పనికొచ్చింది. ఒక్కో చప్పుడూ ఒక్కో దూరం నుంచి వస్తున్నట్టు, చాలా కొద్ది తేడాతో చెవికి చేరేలా అమర్చాడు. అందుకే అది ఎకోలా ఉండదు, పెద్ద గుంపు మధ్యలో మీరు నిలబడ్డట్టు ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, తెలిసిపోతుంది. గిటార్ సోలో కూడా చివర్లో గానీ రాదు. అప్పటిదాకా ఆ చోటంతా మనదే అన్నమాట.

నాకు అర్థమైంది ఏంటంటే, వీళ్లు పాటలో వినేవాడికి ఒక చోటు వదిలిపెట్టారు. మన ఊళ్లో భజన చూడండి. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. అక్కడ ఊరికే కూర్చుని వినేవాడు ఉండడు. 1985 జూలై 13న వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ వీడియో చూడండి. సుమారు 72,000 మంది జనం, క్వీన్‌కి దొరికింది ఇరవై నిమిషాలే. ఫ్రెడ్డీ ఒక రాగం తీస్తాడు, స్టేడియం మొత్తం తిరిగి అదే పాడుతుంది. అందులో మాటలే లేవు, ఇక భాష అడ్డమెలా అవుతుంది?

"మరి 'బొహీమియన్ రాప్సొడీ' సంగతేంటి, దాన్ని పాడటం చాలా కష్టం కదా?" అని మీరు అడగొచ్చు. నిజమే. దాదాపు ఆరు నిమిషాల పాట, తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. మధ్యలోని ఒపేరా భాగంలో గొంతు మీద గొంతు ఎన్ని పొరలు వేశారంటే, స్టేజ్ మీద వాళ్లే పాడలేక ఆ ముక్కకి టేప్ వేసేవాళ్లు! అయినా జనం మొత్తం నేర్చేసుకున్నారు.

ఫ్రెడ్డీ 1991 నవంబర్ 24న చనిపోయాడు, 45 ఏళ్లకే. ఎయిడ్స్. ఇక 2017లో లండన్ హైడ్ పార్క్‌లో వేరే బ్యాండ్ షో. అది మొదలవకముందు స్పీకర్లలో ఈ పాట వేశారు. స్టేజ్ మీద క్వీన్ లేదు, ఫ్రెడ్డీ లేడు. వేలమంది జనం మొదటి నుంచి చివరిదాకా పాడేశారు. పాడినవాడు పోయినా పాట ఆగలేదు, ఎందుకంటే అప్పటికే దాన్ని జనం చేతికి ఇచ్చేశాడు.

మనం ఇప్పుడు పాటల్ని ఎక్కువగా ఒంటరిగా, స్క్రోల్ చేస్తూ, ముప్పై సెకన్లు వింటున్నాం. తప్పని అనను, నేనూ అంతే. కానీ ఈ వారం ఒక్కసారి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పక్కన ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టుకుని, ఆ దరువు వేయండి. ఎవరి కాలు ముందు కదిలిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!