వేట చీటీకై ఇరువది యేండ్లు

రాకీ పర్వత ప్రాంతమందలి అమెరికా రాష్ట్రములలో వసంతము ముదిరి వేసవి దిగు వేళకు వేటగాండ్ర యిండ్లలో ఒక విధమైన ఆతురత కనబడును. రాబోవు శరత్కాలమున ఎవరు ఏ కొండకు వేటకు పోవచ్చునో ప్రభుత్వము చీట్లు తీసి తేల్చు రోజులవి. మన కణుజును పోలి అంతకంటె భారీగా నుండు ఎల్క్ మృగమునకు ఒక చీటి. మెలి తిరిగిన పెద్ద కొమ్ములు గల కొండగొర్రెకు మరియొకటి. ఆనాడు కంప్యూటరు తెరచి తన పేరు వెదకుకొను మనుష్యునకు తరచుగా కనబడునది ‘ఎంపిక కాలేదు’ అను రెండు మాటలే. ఆ మాటలను ఇరువదవ యేట చదువుకొనువారును కలరు.

వేట మంచిదా, చెడ్డదా యనునది వేరు విచారణ. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ విచారణకు చాలవరకు తెర పడినది. ఇచ్చటి ప్రశ్న అది కాదు. అందరిదియైన వస్తువు అందరికిని చాలనప్పుడు దానిని పంచుట యెట్లు?

ఐరోపాలో వేటమృగము రాజుది, ప్రభువుది. మన సంస్థానములలోను పులిపై తుపాకి పేల్చు గౌరవము దొరలకును, వారి అతిథులకును దక్కెడిది. అమెరికా ఆ మార్గమును త్రోసివేసినది. అచ్చట నేల ఎవరిదైనను మృగము ప్రజలది. రాష్ట్రము దానికి ధర్మకర్త. పందొమ్మిదవ శతాబ్దిలో అంగడికై వేటాడువారు బైసన్ మందలను దాదాపు నిర్మూలించిన పిమ్మట లైసెన్సులు, కాలనియమములు కట్టుదిట్టమైనవి. 1937లో పిట్మన్–రాబర్ట్‌సన్ చట్టము తుపాకులపైని, తూటాలపైని సుంకమును వన్యమృగ సంరక్షణకు మరలించినది. మృగములు తిరిగి పెరిగినవి. వాటిని కోరి దరఖాస్తు పెట్టువారు అంతకు మించి పెరిగిరి. వేలము వేసినచో ధనికుడే కొనును. ముందు వచ్చినవానికి ముందు అన్నచో దగ్గరి ఊరివాడు తన్నుకొనిపోవును. కావున చీట్లు వేయుటయే ధర్మమని తోచినది.

ఐడహో, న్యూ మెక్సికో రాష్ట్రములలో నేటికిని శుద్ధమైన చీట్ల పద్ధతియే నడచుచున్నది. ఈ యేడు దక్కనివాడు వచ్చే యేడు అందరితోపాటు మరల మొదటినుండి నిలువవలెను. కష్టమే గాని, అందులో మోసపోయితినన్న మాట లేదు.

చిక్కంతయు ఓడినవారిని ఓదార్చబోవుటలో పుట్టినది. ఓడిన ప్రతి యేటికి ఒక పాయింటు ఇత్తుము, పాయింట్లు కూడబెట్టుకొన్నవానికి ముందు చోటు కల్పింతుము అని పలు రాష్ట్రములు మాట యిచ్చినవి. నెవాడాలో పాయింట్లను వాటితోనే హెచ్చింతురు: తొమ్మిది గలవానికి ఎనుబదియొక్క అవకాశములు, ఈ యేటి దరఖాస్తుకు ఇంకొకటి. వయోమింగులో కొండగొర్రెకును, మూస్ అను మహామృగమునకును 1995 నుండి ఈ పాయింట్లు నడచుచున్నవి. నూటికి డెబ్బదియైదు చీట్లు పాయింట్లు మిక్కిలిగా గలవారికే పోవును.

వినుటకు న్యాయముగానే యున్నది. కాని కూడికలు, తీసివేతలు వచ్చినవాడెవడైనను దీని లోపమును పట్టగలడు. ఒక కొండకు ఏటా పది చీట్లనుకొందము. మొదటి యేడు నూరుగురు వచ్చిరి. పదుగురికి దక్కినది, తొంబదిమంది మిగిలిరి. తరువాత ఏటా ఇరువదిమంది క్రొత్తవారు చేరుచున్నచో, పదియేండ్లు గడచునప్పటికి నూట ఎనుబదిమంది నిలిచియుందురు. పదునొకండవ యేట చేరినవానికి తన వంతు వచ్చుటకు ఇరువదేండ్లు పట్టును. వాని తరువాతివానికి ఇంకను ఎక్కువ. వేటగాండ్రు దీనిని ‘పాయింట్ క్రీప్’ అందురు. మనము ఒక మెట్టెక్కునంతలో గమ్యము రెండు మెట్లు పైకి జరుగుటయన్నమాట.

తండ్రికొడుకుల మాట చూడుడు. తండ్రికి పదునాలుగు పాయింట్లు; కుమారునకు సున్న. ఇద్దరును కలిసి పోదలచి ఒకే దరఖాస్తు పెట్టినచో కొలరాడోలో ఆ జంటకు తక్కువవాని లెక్కయే వర్తించును, అనగా సున్న. వయోమింగులో సగటు తీసి ఏడు వేయుదురు. కొడుకును వెంట తీసికొనిపోవలెనన్న కోరిక ఉన్న తండ్రి పదునాలుగేండ్ల ఓర్పును అంతయో సగమో వదలుకొనవలసినదే.

ఇంతకంటె ఘాటైన దెబ్బ పరరాష్ట్రీయులకు తగిలినది. వయోమింగు కొండగొర్రె చీట్లలో వారికి నాలుగవ వంతు దక్కుచుండెడిది. 2022లో ఆ రాష్ట్ర శాసనసభ దానిని పదవ వంతుకు తగ్గించినది. 2023 నుండి అది అమలులోనికి వచ్చినది. పాతికయేండ్లకు పైగా సొమ్ము చెల్లించి వరుస ముందరికి వచ్చినవారి యెదుట ద్వారము సగానికి పైగా మూసుకొనినది. ఆ రాష్ట్రమందలి నేలలో దాదాపు సగము దేశమంతటిది. దూరమునుండి వచ్చినవాడు అందు నడువవచ్చును, గుడారము వేయవచ్చును. మృగము మాత్రము రాష్ట్రముది. మోంటానా రాష్ట్రీయుడు తొమ్మిది డాలర్లకు పొందు ఎల్క్ లైసెన్సుకై పరాయివాడు 225 డాలర్ల ఉమ్మడి లైసెన్సు కొనవలసివచ్చుటపై నడచిన వ్యాజ్యమున, అది రాజ్యాంగ విరుద్ధము కాదని సుప్రీముకోర్టు 1978లో తీర్పు చెప్పినది. 2005లో కాంగ్రెసు సైతము రాష్ట్రముల అధికారమును చట్టముగా స్థిరపరచినది.

స్థానికుని పక్షమునను మాట కలదు. మంచు కాలమున ఎల్క్ మందలు వచ్చి మేసిపోవునది వాని గడ్డివాములనే. ఇక, ధనికుని తప్పించుటకే చీట్లు పుట్టినవంటిమి గదా. 2013లో మోంటానా రాష్ట్రపు ఒకే ఒక కొండగొర్రె చీటి వేలములో 4,80,000 డాలర్లు పలికినది. అట్టి సొమ్ము కొండగొర్రెల సంరక్షణకే పోవుననియు చెప్పవలెను. దానివలన వరుసలో నిలిచినవాని మనస్సు చల్లబడునా యనునది వేరు మాట.

వరుస వీడిపోవుటయు సులభము కాదు. వయోమింగులో వరుసగా రెండేండ్లు దరఖాస్తు పెట్టక, పాయింటు కొనక యున్నచో కూడబెట్టినదంతయు రద్దగును. కావున మోకాళ్ళు కొండ నెక్కనీయని వయస్సున గూడ కొందరు ఆ యేటి సొమ్ము కట్టి, మరియొక పాయింటు వ్రాయించుకొనుచునే యున్నారు.