వైద్యపు చీటీకి క్రొత్త తోడు

షోలాపురములో వైద్యము చేయించుకొని, పనికై భివండీ పోయిన నేతగాడు పాత చీటీలు చూపలేనిచో పరీక్షలన్నియు మరల చేయించుకొనవలసి వచ్చును. పడని మందేదో డాక్టరుకు తెలియకున్న ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

ఈ లోటు తీర్చుటకే కేంద్ర ప్రభుత్వము 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతట ప్రారంభించినది. ఇందు ‘ఆభా’ అను 14 అంకెల సంఖ్య ఉచితముగా లభించును. ఆసుపత్రి ఈ పద్ధతిలో చేరి, మన రికార్డును ఆ సంఖ్యకు జతపరచినప్పుడే పొరుగూరి డాక్టరు దానిని చూడగలడు. అదియు రోగి సమ్మతితోనే. ఆభా చికిత్స ఖర్చు భరించు బీమా కార్డు కాదు.

కావున సోదర సోదరీమణులారా, ఆభా సంఖ్య తీసికొనుడు. ఫోనుకు వచ్చు ఓటీపీని అపరిచితులకు చెప్పకుడు. పాత చీటీలను మాత్రము పారవేయకుడు.