మీట ఒకటి, అక్షరము వేరొకటి

1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాం పేరును ఆంగ్ల లిపిలో కంప్యూటరుపై కొట్టగా, ‘ఎ’ ఉండవలసిన రెండుచోట్ల ‘క్యూ’, చివరి ‘ఎమ్’కు మారుగా కామా పడవచ్చును. యంత్రము చెడలేదు. మీట పంపునది అక్షరము కాదు, తన స్థానమును తెలుపు సంఖ్య మాత్రమే. దానికి అక్షరమును నిర్ణయించునది లోపలి పట్టిక. ఫ్రెంచి పట్టికలో ‘ఎ’, ‘క్యూ’లు తారుమారై యుండును. అంకెలకు షిఫ్టు మీట తోడు కావలెను. కనుక 1954 అని కొట్టినచో ఒక్క అంకెయైనను రాదు! విండోసులో రెండు పట్టికలున్నప్పుడు ఆల్టు, షిఫ్టు మీటలు పొరపాటున కలిసి నొక్కుకొన్నచో పట్టిక మారవచ్చును; మరల నొక్కినచో తిరిగి వచ్చును. చిక్కెల్ల రహస్యపదముతోనే. అచట చుక్కలే కనబడును గనుక, సరియైన మీటలే నొక్కినను అది తిరస్కరింపబడును, కారణము మాత్రము తెలియదు. మరల మరల కొట్టుటకు ముందు తెరపైనున్న భాషాసూచికను చూడవలెను.