సన్న కడ్డీ మీద సరైన మర

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని బోడుప్పల్ దాటితే ఎడమచేతి వైపు వస్తుంది చెంగిచెర్ల. బయటివాళ్లకు ఈ ఊరు ఆర్టీసీ డిపోతోనో, జాతీయ మాంస పరిశోధన సంస్థతోనో గుర్తు. చుట్టూ ఉన్నవి మాత్రం ఇనుము కోసే వాడలు. ఉత్తరాన చర్లపల్లి, పడమట మల్లాపూర్, నాచారం, ఆపైన ఉప్పల్. 1967లో ఈసీఐఎల్, 1971లో అణు ఇంధన సముదాయం ఈ తూర్పు హైదరాబాద్‌లోనే వెలిశాయి. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ అంతకు చాలా ముందే, 1943లోనే మొదలైంది. టూల్ డిజైన్ నేర్పడానికి బాలానగర్‌లో కేంద్ర సంస్థ 1968లో వచ్చింది. లోహాన్ని మైక్రాన్లలో కొలిచే అలవాటు ఈ నగరానికి అలా అబ్బింది.

ఈ వాడల్లోని చిన్న వర్క్‌షాపుల పని ఎక్కువగా జాబ్ వర్కు. డ్రాయింగ్ వస్తుంది, ఇనుము వస్తుంది, లెక్క ప్రకారం కోసి ఇవ్వాలి. పొట్టి బోల్టులైతే సీఎన్‌సీ లేత్ కళ్లు మూసుకుని చేసేస్తుంది. చిక్కల్లా పొడవాటి సన్న కడ్డీ మీద మర కోయాల్సి వచ్చినప్పుడు. వాల్వు స్పిండిళ్లు, లీడ్ స్క్రూలు, జాకీ స్క్రూలు, టై రాడ్లు ఈ కోవలోవే. ప్రోగ్రాంలో తప్పుండదు, ఇన్సర్ట్ కొత్తది, మిషన్ మంచిది. అయినా నట్టు నాలుగు చుట్లు హాయిగా ఎక్కి మధ్యలో బిగుసుకుంటుంది. ఒక్కోసారి మొదటి చుట్టే ఎక్కదు. వర్క్‌షాపులో దీన్ని ‘టేపర్ వస్తోంది’ అంటారు. మర ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా తయారైందన్న మాట.

కారణం మొదట మిషన్‌లో వెతకకూడదు, కడ్డీలో వెతకాలి. చెరకు గడను ఒక కొస పట్టుకుని రెండో కొస దగ్గర కత్తితో గీకితే గడ పక్కకు తప్పుకుంటుంది. కత్తి ఎంత పదునైనదైనా తోపు తోపే. ఉక్కు కూడా అంతే. టూల్ ప్రోగ్రాం చెప్పిన చోటికే వెళ్తుంది, జాబ్ (కోత పడే కడ్డీ) మాత్రం ఆ తోపుకు వెనక్కి వంగుతుంది. వంగినంత మేర లోహం కోయకుండా మిగిలిపోతుంది. కోత అయ్యాక కడ్డీ తిరిగి నిటారుగా నిలుస్తుంది, మిగిలిపోయిన లోహం లావుగా తేలుతుంది.

ఎంత వంగుతుందో లెక్కకు అందుతుంది. 16 మి.మీ. ఉక్కు కడ్డీని లేత్ చక్‌లో పట్టి, 160 మి.మీ. బయటికి ఉంచి, కొసను దేనికీ ఆనించలేదనుకుందాం. కొస మీద పక్కగా 100 న్యూటన్ల తోపు, అంటే సుమారు 10 కిలోల బరువు పడితే, కడ్డీ దాదాపు 0.21 మి.మీ. వంగుతుంది. వ్యాసంలో అది రెట్టింపై 0.42 మి.మీ. తేడాగా కనిపిస్తుంది. ఎం16 మరకు, 2 మి.మీ. పిచ్ (పళ్ల మధ్య దూరం)తో, మామూలు 6జీ తరగతి నాణ్యత అడిగితే పిచ్ వ్యాసంలో అనుమతించే మొత్తం తేడా 0.16 మి.మీ. మాత్రమే. అంటే ఆ జాబ్ చక్‌లో ఉండగానే తుక్కు.

వంపు పొడవుకు ఘనంగా పెరుగుతుంది, మందానికి నాలుగో ఘాతంగా తగ్గుతుంది. పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లు. మందం సగమైతే 16 రెట్లు. మర కోతలో మరో ఇబ్బంది ఉంది. పాస్ (ఒక విడత కోత) వెంట పాస్ లోతు పెరిగే కొద్దీ కడ్డీయే సన్నబడుతుంది. ఎం16 మర అడుగు వ్యాసం దాదాపు 13.5 మి.మీ. ఆ మందంతో లెక్క వేస్తే కడ్డీ బిగువు మొదట్లో ఉన్నదానిలో ఇంచుమించు సగానికి పడిపోతుంది. మొదటి పాసుల్లో నిటారుగా నడిచిన జాబ్ చివరి పాసుల్లో వణకడం అందుకే.

ఖాళీ కొసకు టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనిస్తే పరిస్థితి ఒక్కసారిగా మారిపోతుంది. అదే కడ్డీ, అదే తోపు, కానీ గరిష్ఠ వంపు 0.006 మి.మీ. దరిదాపుల్లో ఆగిపోతుంది. ముప్పై రెట్లకు మించిన లాభం. కానీ పొడవు 480 మి.మీ. అయితే, అంటే మందానికి 30 రెట్లయితే, సెంటర్ ఉన్నా వంపు 27 రెట్లు పెరిగి 0.17 మి.మీ.కి చేరుతుంది. వ్యాసంలో అది 0.34. మళ్లీ గీత దాటినట్టే. అక్కడ ఇంకో ఆధారం కావాలి.

అందుకే టూల్ విలువ సరిచేసే ఆఫ్‌సెట్ బటన్ నొక్కబోయే ముందు మైక్రోమీటర్ పట్టుకోవాలి. జాబ్‌ను విప్పకుండా చక్ దగ్గర, మధ్యలో, టెయిల్‌స్టాక్ దగ్గర కొలవాలి. ఆ మూడు అంకెల్లోనే రోగం పేరుంటుంది. ఆనిక లేని కొస లావుగా, చక్ దగ్గర సరిగ్గా ఉంటే తోపుకు వంగిందన్న మాట. రెండు చివరలూ సరిగ్గా ఉండి నడుము లావైతే చక్‌కూ సెంటర్‌కూ మధ్య వంగింది. ఈ ఉబ్బు సరిగ్గా మధ్యన కాక, చక్ నుంచి లెక్కిస్తే సుమారు 60 శాతం దూరంలో కనిపిస్తుంది. ఎందుకంటే చక్ కడ్డీని గట్టిగా పట్టుకుంటుంది, సెంటర్ కేవలం ఆనుతుంది. ఒక చివర నుంచి ఇంకో చివరకు వ్యాసం ఒకే తీరుగా పెరుగుతూ పోతే తప్పు కడ్డీది కాదు. టెయిల్‌స్టాక్ వరుసలో లేదు. అది టూల్ వైపు 0.05 మి.మీ. జరిగి ఉన్నా ఆ చివర వ్యాసం 0.10 మి.మీ. తగ్గిపోతుంది. రెండు సెంటర్ల మధ్య టెస్ట్ బార్ పెట్టి, డయల్‌ను చివరి నుంచి చివరికి నడిపించి సరిచేసుకోవాల్సిన పని ఇది. దీన్ని ప్రోగ్రాంతో కప్పిపుచ్చితే రేపు ఇంకో పొడవు జాబ్ మీద అదే తప్పు ఇంకో అంకెతో తిరిగొస్తుంది.

టెయిల్‌స్టాక్ గురించి ఇంకో మాట. హైడ్రాలిక్ ఒత్తిడి ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు. లావు జాబ్‌కు అది నిజం. సన్న కడ్డీని మాత్రం ఆ ఒత్తిడే విల్లులా వంచుతుంది. వేడి దానికి తోడవుతుంది. 500 మి.మీ. ఉక్కు కడ్డీ 20 డిగ్రీలు వేడెక్కితే 0.11 మి.మీ.కి పైగా సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే పక్కకు వంగుతుంది, చోటిచ్చినా చల్లారాక పిచ్ కుదించుకుపోతుంది. కూలెంట్ ధారాళంగా పోయడం, చల్లారాక కొలవడం ఈ పనిలో తప్పనిసరి.

తోపునే తగ్గించే మార్గాలు అన్నిటికన్నా చవక. పదును ఎక్కువున్న పాజిటివ్ ఇన్సర్ట్ వాడాలి. టూల్‌ను నిలువుగా లోపలికి దించితే పంటి రెండు వైపులా ఒకేసారి కోస్తుంది. మర పక్కవాలు వెంట దించితే కోత ప్రధానంగా ఒక వైపే పడి చిప్ తేలిగ్గా జారుతుంది. ఫానుక్ కంట్రోల్‌లో మర కోసే జీ76 సైకిల్ ఇందుకు వీలిస్తుంది. దాని మొదటి వరుసలో ‘పీ’ తర్వాత వచ్చే ఆరు అంకెల్లో చివరి రెండు టూల్ కోణానివి, మొదటి రెండు ఫినిష్ పాసులు ఎన్నో చెప్పేవి. లోతు పెంచకుండా అదే దారిలో మళ్లీ నడిపే పాస్ వంగి తప్పించుకున్న లోహాన్ని కొంత గీసేస్తుంది. రెండు చాలు. అంతకు మించితే, ఎస్ఎస్304 లాంటి స్టెయిన్‌లెస్ మీద ఇన్సర్ట్ ఊరికే రుద్దుకుంటూ పోతే పైపొర గట్టిపడి, తర్వాతి పాస్‌కు ఇంకా మొండికేస్తుంది. స్పిండిల్ వేగం జీ97తో స్థిరంగా ఉండాలి. పాసుల మధ్య ఆర్‌పీఎం మారిస్తే పళ్లు ఒకదాని మీద ఒకటి పడవు.

ఇవన్నీ చేశాక కూడా కొంత టేపర్ మిగిలితే అప్పుడు ప్రోగ్రాం వంతు. జీ76లో రెండో వరుసలో ‘ఆర్’ అనే విలువ ఉంటుంది. నీళ్ల పైపుల మీద 16కు 1 వాలుతో కావాలని టేపర్ మర కోసేది ఈ విలువతోనే. అదే విలువను చాలా చిన్నదిగా, ఎదురు దిశలో ఇస్తే అక్కరలేని టేపర్ పోతుంది. టెయిల్‌స్టాక్ వైపు నుంచి చక్ వైపు 100 మి.మీ. బయటి మర కోస్తున్నామనుకుందాం. మొదలైన చివర వ్యాసం 0.06 మి.మీ. ఎక్కువ వచ్చింది. ఆర్ వ్యాసార్ధంలో చెప్పాలి కాబట్టి 0.03; ఆ చివర లోతుగా కోయాలి కాబట్టి మైనస్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ టూల్ జాబ్‌ను తాకడానికి ముందు గాలిలో నడిచే దూరానికీ ఈ వాలు వర్తిస్తుంది. ఆ దూరం 6 మి.మీ. అయితే మొత్తం 106 మి.మీ.కి లెక్క వేసి మైనస్ 0.032 ఇవ్వాలి. మొదలు దూరం మార్చిన ప్రతిసారీ ఆర్ కూడా మారాలి.

నడుము ఉబ్బుకు ఈ మందు పనిచేయదు. వాలు ఒకే తీరుగా ఉంటుంది, ఉబ్బు అలా ఉండదు. చివరి పాసుల్ని జీ32 వరుసలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఎక్స్ విలువ కొద్దికొద్దిగా మార్చి, ఆపకుండా ఒకదాని వెంట ఒకటి రాయవచ్చు. ప్రతి పాస్ ఒకే జెడ్ దగ్గర మొదలైతే మర గాడి తప్పదు. ఇది ఓపిక ఉన్నవాళ్ల పని. అయినా ఉబ్బుకు అసలు వైద్యం కడ్డీని నడుమ ఒక చోట ఆపే స్టెడీ రెస్ట్, లేదా టూల్‌తో పాటే నడుస్తూ జాబ్‌ను వెనక నుంచి ఆపే ఫాలో రెస్ట్. ఎక్కడ వంగుతుందో అక్కడే ఆపడం కన్నా నమ్మకమైన దారి లేదు. స్విట్జర్లాండ్ గడియారాల పరిశ్రమలో పుట్టిన స్లైడింగ్ హెడ్ లేత్‌లు ఈ ఆలోచన మీదే నిలిచాయి. వాటిలో టూల్‌కు పక్కనే గైడ్ బుష్ ఉంటుంది, కడ్డీ ఎంత పొడవైనా కోత పడే చోట అది పొట్టిదే. వేల సంఖ్యలో ఒకే రకం లీడ్ స్క్రూలు కావాలంటే కోత మానేసి, రెండు డైల మధ్య ఒత్తి మర తేల్చే థ్రెడ్ రోలింగ్‌కు వెళ్లడమే తెలివైన పని.

ఈ కష్టం కొత్తది కాదు. 1800 ప్రాంతంలో లండన్‌లో మర కోసే లేత్‌ను ఒక రూపానికి తెచ్చిన హెన్రీ మాడ్‌స్లే, ఖగోళ పరికరాల కొలబద్దల మీద గీతలు విభజించడానికి 5 అడుగుల పొడవు, 2 అంగుళాల మందం ఉన్న స్క్రూ చేశాడు. అంగుళానికి 50 పళ్లు. దాని నట్టు 12 అంగుళాలు, లోపల 600 పళ్లు. పొడవుకూ మందానికీ నిష్పత్తి 30. పైన చెప్పిన 480 మి.మీ. కడ్డీదీ అదే నిష్పత్తి. కంప్యూటర్ లేదు, కార్బైడ్ ఇన్సర్ట్ లేదు. ఆ మనిషి చేతి పట్టుకూ ఓర్పుకూ ఈనాటి టర్నర్లు కూడా దండం పెట్టాల్సిందే.

ఇక తనిఖీ. మర సరిపోయిందా లేదా అన్నది గో గేజ్ ఒక్క ముక్కలో చెబుతుంది, లావు ఎక్కడ ఎంత ఉందో చెప్పదు. దానికి మూడు తీగల పద్ధతి ఉంది. ఒకే మందం ఉన్న మూడు తీగల్ని పళ్ల మధ్య పెట్టి పైన మైక్రోమీటర్‌తో కొలుస్తారు. 2 మి.మీ. పిచ్ మెట్రిక్ మరకు సరైన తీగ మందం 1.155 మి.మీ. మర పొడవునా అలా కొలిచినప్పుడే టేపర్ బొమ్మ పూర్తిగా కళ్ల ముందుకు వస్తుంది. జాబ్ విప్పక ముందే ఈ పని జరగాలి. ఒకసారి విప్పితే పాత గాడిని మళ్లీ పట్టుకోవడం సీఎన్‌సీ మీద పెద్ద తలనొప్పి.

చర్లపల్లి, నాచారం వర్క్‌షాపుల యజమానులకు ఒక విన్నపం. పొడవాటి జాబ్ ప్రతిదానికీ మూడు చోట్ల కొలతలు, టెయిల్‌స్టాక్ ఒత్తిడి, మొదలు దూరం, చివరికి సరిపోయిన ఆర్ విలువ జాబ్ కార్డు మీద రాయించండి. అనుభవజ్ఞుడైన ఆపరేటర్ సెలవు పెట్టిన రోజున, ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ కార్డు చూసి అదే జాబ్‌ను తుక్కు పోకుండా తీయగలుగుతాడు.