కీళ్లనొప్పియంతయు వాతము కాదు



మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో అరువదేండ్లు దాటినవారు నలుగురు రచ్చబండపై చేరినచో, వానల మాటయు, ధాన్యము ధర మాటయు ముగియగానే వచ్చు మూడవ మాట కీళ్లనొప్పి. "వాతమండీ, వయసు వచ్చినది గదా" అని యొకరందురు, తక్కినవారు తలయూపుదురు. అంతటితో విచారణ ముగియును. ఈ తలయూపుటయే మనకు చేటు తెచ్చుచున్నదని నేడు మనవిచేయ దలచితిని. నొప్పి యొకటే యైనను దాని పుట్టుక పలువిధములు. ఒకదానికి చేయవలసిన యుపచారము వేరొకదానికి చేసినచో మేలు కలుగకపోగా కీడు కూడ కలుగవచ్చును.

నా మేనమామ పొందూరు చేరువనున్న యొక గ్రామమున నేతపని చేసెడివాడు. వాలుగచేప దవడతో దూదిని శుభ్రపరచి, సన్ననూలు వడకి, ఖద్దరు నేయుట ఆ సీమకు ప్రసిద్ధియని మీకు వేరుగ చెప్పనక్కరలేదు. కాళ్లు మగ్గపు గుంటలోనికి వ్రేలవైచి, గట్టి పలకపై ప్రొద్దున కూర్చున్నవాడు చీకటిపడువరకు లేచెడివాడు కాడు. ఏబదియైదవ యేట ఆయనకు పిరుదు క్రింద, కూర్చున్నప్పుడు పలకకు తగులు ఎముకయొద్ద, నొప్పి పుట్టెను. తుంటికీలు అరిగినదని యెవరో చెప్పిరి. నూనెలు మర్దించిరి, వాతలు పెట్టిరి, పొట్లముల మందు మ్రింగించిరి. రెండేండ్లు బాధపడి, ఇక నేయలేనని ఆయన మగ్గమును అమ్మివేసెను. వైద్యవిద్య ముగించి యింటికి వచ్చిన నేను పరీక్షించి చూడగా తుంటి అన్ని దిక్కులకును సులువుగ తిరిగినది. నొప్పియున్న చోటు రూపాయిబిళ్లంత మాత్రమే. అది కీలువాతము కాదు. కూర్చుండు ఎముకపైనున్న తిత్తి యొక్క వాపు. పాశ్చాత్య వైద్యులు పూర్వము దానికి పెట్టిన పేరే ‘నేతగాని పిరుదు’. మెత్తని దిండొకటియు, గడియకొకమారు లేచి నిలుచుటయు, కొన్ని వారముల విశ్రాంతియు దానికి చాలియుండెడివి. నొప్పి పోయినది గాని మగ్గము తిరిగి రాలేదు. ఆ మగ్గపు జ్ఞాపకమే నాచేత ఈ ప్రసంగము చేయించుచున్నది.

ఇంతకును తిత్తి యనగా నేమి? కీలనగా రెండు ఎముకలు కలియు చోటు. ఆ యెముకల కొనలపై నున్నని మృదులాస్థి యుండును. చుట్టును సంచివంటి పొర యుండి, లోపల కందెనవంటి ద్రవమును ఊరించుచుండును. బండి యిరుసుకు కందెన యెట్లో కీలుకు ఈ ద్రవ మట్లు. ఆ మృదులాస్థి అరిగినను, ఆ పొర వాచినను కలుగు వ్యాధి సంధివాతము. వైద్యులు ఆర్థ్రయిటిస్ అందురు. తిత్తి యన్ననో, చాలవరకు కీలునకు వెలుపల, ఎముకకును చర్మమునకును నడుమ, లేదా ఎముకకును కండనరమునకును నడుమ, రాపిడి తగులకుండ ప్రకృతి అమర్చిన చిన్న మెత్త. ఇట్టివి మన శరీరమున సుమారు 150 కలవు. ఒకేచోట పలుమారు ఒత్తిడి తగిలినప్పుడు ఆ మెత్త వాచి నీరుపట్టును. దీనినే బర్సయిటిస్ అందురు. మనము తిత్తివాపు అందము. మోకాళ్లపై నిలిచి నేలపని చేయు తాపీపనివారికి మోకాటిచిప్ప ముందును, బల్లపై మోచేయి ఆనించి వ్రాయువారికి మోచేతికొనను, ఒకే ప్రక్కకు ఒత్తిగిలి పరుండువారికి తుంటి వెలుపలి వైపునను ఇది తరచుగ వచ్చును.

ఈ రెంటిని ఇంటనే కొంతవరకు గుర్తింపవచ్చును. మొదటి గురుతు చోటు. ‘నొప్పి యెక్కడ?’ అని యడిగినప్పుడు ఒక వ్రేలితో చూపగలిగినచో తిత్తివాపని యనుమానింపవచ్చును. అరచేతితో కీలునంతను పట్టుకొని చూపినచో కీలులోని వ్యాధి కావచ్చును. తుంటి విషయమున ఒక విశేషము కలదు. కీలు చెడినప్పుడు నొప్పి తరచుగ గజ్జలో తెలియును. తిత్తి వాచినప్పుడు వెలుపలి ప్రక్కన తెలియును.

రెండవ గురుతు కదలిక. నొప్పియున్నవాడు కండలు వదలుచేసి యుండగా మరియొకరు ఆ కాలిని మెల్లగ వంచి చాపి చూడవలెను. అన్ని దిక్కులకును నొప్పియు బిగుతును ఉన్నచో కీలే చెడినది. కదలిక ఇంచుమించు సులువుగ నుండి, పైన నొక్కినప్పుడు మాత్రమే ప్రాణము పోయినట్లున్నచో తిత్తివాపు.

మూడవది కాలము. తిత్తివాపు క్రొత్తపని చేసిన కొలదిదినములలో తలయెత్తును. అరుగుదల యేండ్ల తరబడి మెల్లగ వచ్చును. అరుగుదల గలవారికి ఉదయము లేవగానే బిగుతుండినను అర్ధగంటలోపల సడలును. రెండు చేతుల వ్రేళ్లమొదళ్లును మణికట్లును సమముగ వాచి, బిగుతు గంటకు మించి యుండినచో, అది రుమటాయిడ్ అను వేరు వ్యాధి కావచ్చును. దానికి ఆలస్యము చేయక చికిత్స ఆరంభించినవారి వ్రేళ్లు వంకరపోకుండ నిలుచును. అర్ధరాత్రమున కాలిబొటనవ్రేలు నిప్పువలె మండుట గౌటు లక్షణము. 2006 సంవత్సరమున మన రాష్ట్రమును పీడించిన చికున్‌గున్యా జ్వరము వంటివి తగ్గిన పిదప కూడ నెలల తరబడి కీళ్లను బాధింపవచ్చును.

ఇక ఉపశమనము. తిత్తివాపునకు మొదటి మందు ఒత్తిడి తొలగించుట. పలకపై దిండు, మోకాటిక్రింద మెత్త, ప్రక్కమార్చి పరుండుట. మొదటి రెండు దినములు తడిగుడ్డను చల్లని కుండనీట ముంచి పది పదునైదు నిమిషములు వేయవలెను. గట్టిగ మర్దించుట మానవలెను. అరుగుదల కిది వ్యతిరేకము. దానికి మంచమెక్కుట శత్రువు. వేడినీట పిండిన గుడ్డతో కాచి, కాలు చాచి కూర్చుండి, మోకాటిక్రింద చుట్టిన తువ్వాలు నుంచి, దానిని క్రిందికి నొక్కి, అయిదు లెక్కించి వదలవలెను. ఇట్లు పదిమారులు, ఉదయము సాయంకాలము చేసినచో తొడకండ బలిసి మోకాటి భారము తాను మోయును. స్థూలకాయులు ఒక కిలో తగ్గినచో అడుగడుగునకును మోకాటిపై సుమారు 4 కిలోల భారము తగ్గును. చేతికఱ్ఱను నొప్పియున్న వైపున గాక రెండవవైపు చేత పట్టవలెను. ఇది వింతగ తోచినను, నాలుగడుగులు నడచి చూచిన మీకే తెలియును.

ఒక హెచ్చరిక. వాపు ఎఱ్ఱనై, వేడెక్కి, జ్వరము తోడైనచో తిత్తిలోనో కీలులోనో చీము పుట్టినదని భావించి ఆనాడే ఆసుపత్రికి పోవలెను. అచ్చట సూదితో నీరు తీసి పరీక్షింతురు. ఇంటిలో కోయుట, కాల్చుట మహాపరాధము.

మరియొక హెచ్చరిక మనప్రాంతమునకే ప్రత్యేకము. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానము గ్రామములలో మూత్రపిండములు చెడి యెన్ని కుటుంబములు కూలినవో మీరెఱుగుదురు. అందుకొఱకే 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. ఆ వ్యాధికి నొప్పిమాత్రలే కారణమని నేననను. దాని మూలకారణము నేటికిని నిర్ధారణ కాలేదు. కాని డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండములకు రక్తము చేరుటను తగ్గించునని మాత్రము నిశ్చయము. ఎండలో చెమటోడ్చి, నీరు త్రాగక, సాయంకాలమున నొప్పికని అంగడిమాత్ర మ్రింగుట, ఇప్పటికే నలిగిన అవయవముపై మరియొక మూట పెట్టుటయే. వైద్యుని యడిగి, మూత్రపిండముల పరీక్ష చేయించుకొని, ఆవశ్యకమైనంతయే వాడవలెను. పైపూత లేపనములతో ఆ భయము తక్కువ. పేరులేని పొట్లములలో స్టెరాయిడు కలిసియుండుట కలదు. మొదట అమృతమువలె పనిచేసి, పిదప ముఖముబ్బి, ఎముకలు గుల్లబారి, చక్కెరవ్యాధి పైబడును. చిరకాలము వాడినవారు హఠాత్తుగ మానుటయు ప్రమాదమే. వైద్యుని సలహాపై క్రమముగ తగ్గింపవలెను.

పెద్దలారా, మీ మాట ఇంటిలో చెల్లును, ఊరిలో చెల్లును. రేపు రచ్చబండపై ఎవరైన ‘వాతము’ అనినచో తలయూపక, ‘ఒక వ్రేలితో చూపుము’ అని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నచే ఎవరి మగ్గమో, ఎవరి నాగలియో అమ్ముడుపోక నిలుచును.