ఒకే ప్లేటు, ఒకే తిప్పు, ఎన్నో రంగులు!

ఒక మెటల్ ప్లేటుని ప్రెస్‌లో ఒక్కసారే తిప్పి బొమ్మకి ఇన్ని రంగులు ఎలా తెస్తారా అని నాకూ డౌటే ఉండేది. ఆ కిటుకు కనిపెట్టినవాళ్లలో మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారు ఒకరు. పారిస్‌లో 1927లో హేటర్ అనే ఆర్టిస్ట్ మొదలుపెట్టిన 'ఆతెలియే 17' స్టూడియోలో ఇది జరిగింది.

ముందు ప్లేటుని ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువున్న పల్చటి రంగుని గట్టి రోలర్‌తో ఎత్తుల మీద పూస్తారు. తర్వాత చిక్కటి రంగుని మెత్తటి రోలర్‌తో రుద్దితే, అది పల్లాల్లోకి దిగుతుంది. నూనె ఉన్నచోట మాత్రం అంటదు! ఇదే విస్కాసిటీ ప్రింటింగ్.

ఇలాంటి ప్రెస్ ఒక్కడే కొనుక్కోవడం కష్టం. పదిమంది కలిసి వాడుకుంటే ఒకరి ప్రయోగం ఇంకొకరికి పాఠమవుతుంది. అందుకే అంటున్నా, మీ ఊళ్లో పాత ప్రెస్ ఏదైనా తుక్కు కింద పోతుంటే, ఒక్కసారి ఆపి అడగండి.