చీటితో తీరని రోగము

రోగియైన బిడ్డనెత్తుకొని తల్లి వైద్యుని వెదకుటకు ముందే, వైద్యుడు బిడ్డకడకు పోవలయునను సంకల్పముతో భారత ప్రభుత్వమువారు 2013 సంవత్సరమున రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించిరి. పుట్టినది మొదలు 18 ఏండ్ల ప్రాయమువరకు గల పిల్లలయందు పుట్టుకతో వచ్చు లోపములు, వ్యాధులు, పోషణ లోపములు, ఎదుగుదలలోని జాప్యము అను నాలుగు తెగల బాధలను కనిపెట్టవలయును. సంచార వైద్యబృందములు అంగన్‌వాడీ శిశువులను ఏటికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను ఒకమారు పరీక్షింపవలయునని నియమము. లోపము బయల్పడిన బిడ్డలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు; చికిత్స ఉచితము.

ఏర్పాటు మెచ్చదగినదే. కాని దీనిని పర్యవేక్షించు రాష్ట్ర ఆరోగ్యశాఖలు దేనిని లెక్కించుచున్నవి? పరీక్షల సంఖ్య పెరిగినంతమాత్రమున ఏ పసిగుండెలోని రంధ్రమును పూడదు. జిల్లా కేంద్రమునకు పోవుటకు నాటి కూలి వదలుకొనలేని తల్లి, చీటిని చూరున జెక్కి ఊరకున్నచో, ఆ బిడ్డ లెక్కకెక్కెను గాని చికిత్సకు నోచుకొనలేదు. వంకరపాదమువంటి లోపమును పసికందుగా నున్నప్పుడు సరిదిద్దుట సులభము, ఆలస్యమైనకొలది కష్టసాధ్యము.

కావున, పంపిన బిడ్డలలో ఎందరు చికిత్స పొందిరో, తక్కినవారేల పొందలేదో ఆరోగ్యశాఖలవారు ఇంటింట విచారించి, జిల్లాలవారీగా ఆ సంఖ్యలను ప్రజలయెదుట నుంచవలయును.